సర్వర్‌లో పాత డిస్కుల పక్కన వేరే కంపెనీ డిస్కులు వేయొచ్చా?

గాజువాక_ఫ్రేమ్స్
అందరికీ నమస్కారం. మాది గాజువాకలో పెళ్ళిళ్ల ఫోటో, వీడియో స్టూడియో. పై గదిలో ఒక టవర్ సర్వర్ ఉంది. ఎనిమిది బేలలో నాలుగింట 4 టీబీ డిస్కులు. నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే రోజు ఒకే బిల్లు మీద కొన్నవి. హార్డ్‌వేర్ కంట్రోలర్ (డిస్కులను కలిపి నడిపే కార్డు) మీద రెయిడ్ 5, అంటే నాలుగూ కలిసి ఒకే పెద్ద డ్రైవ్‌లా, ఒక అర్రేగా ఉంటాయి, ఒక డిస్క్ పోయినా డేటా పోదు. వాడుకోడానికి 12 టీబీ, విండోస్‌లో 10.9 అని చూపిస్తుంది. అందులో ఇప్పుడు 600 జీబీ కూడా ఖాళీ లేదు. డ్రోన్లు, 4కే కెమెరాలు వచ్చాక ఒక్కో పెళ్ళి 300, 400 జీబీ మింగేస్తోంది. ఆషాఢం కాబట్టి కాస్త తీరిగ్గా ఉన్నాం. శ్రావణం వచ్చిందంటే తలెత్తే పని ఉండదు.

ఇంకో రెండు డిస్కులు వేసి అర్రే పెంచుదామని ద్వారకానగర్‌లో నాలుగు షాపులు తిరిగాను. మా మోడల్ రావడం లేదట. ఒకాయన వేరే కంపెనీ 4 టీబీ చూపించి "ఏదైతే ఏటండీ, నాలుగు టీబీ ఎక్కడైనా నాలుగు టీబీయే" అన్నాడు. సర్వీసుకు వచ్చే ఇంజినీర్ మాత్రం కలిపితే నా పూచీ లేదంటున్నాడు. ఎవరి మాట వినాలి?

పాతకేబుల్
ఇంజినీర్ మాట వినండి. ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో సర్వర్లకు చాకిరీ చేస్తున్నా. నా రూలు ఒకటే: అర్రేలో డిస్కులన్నీ ఒకే మోడల్, కుదిరితే ఒకే ఫర్మ్‌వేర్ (డిస్క్ లోపలి సాఫ్ట్‌వేర్). ఏ డిస్కులతో పరీక్షించారో కంట్రోలర్ కంపెనీవాళ్లు జాబితా ఇస్తారు. ఊరికే ఇవ్వరు కదా.

సిరిపురం వైపు ఒక ఆఫీసులో డిస్క్ పోతే, దొరికింది కదా అని వేరే కంపెనీది పెట్టేశారు. పది రోజులు బాగానే నడిచింది. ఆ తర్వాత వారానికోసారి ఆ ఒక్క డిస్కే అర్రేలోంచి ఊడిపోవడం, మళ్లీ రీబిల్డ్, అంటే మిగతా డిస్కుల నుంచి దాని డేటా తిరిగి నింపడం. బయటికి తీసి టెస్ట్ చేస్తే నిక్షేపంలా ఉంది. మూడోసారి రీబిల్డ్ సగం దాటాక పాతవాటిలో ఇంకోటి పోయింది. రెయిడ్ 5లో రెండు పోతే ఇంకేముంది, గోవిందా. రాత్రి రెండింటికి ఫోన్ వచ్చింది నాకు, డిస్క్ అమ్మినవాడికి కాదు.

ముడసర్లోవ_గట్టు
గురువుగారూ, మీ అనుభవానికి దండం. కానీ ఆ కథలో తప్పు కంపెనీది కాదు, డిస్క్ రకానిది అనిపిస్తోంది. అక్కడ పెట్టింది మామూలు డెస్క్‌టాప్ డిస్క్ కాదూ? ఒక సెక్టార్ (డేటా రాసే చిన్న గడి) చదవలేకపోతే డెస్క్‌టాప్ డిస్క్ ఒక్కోసారి నిమిషం పైగా దానితోనే కుస్తీ పడుతుంది, దానికి వేరే దిక్కు లేదు కాబట్టి. సర్వర్, నాస్ (నెట్‌వర్క్‌కి తగిలించే స్టోరేజ్ పెట్టె) డిస్కులు మామూలుగా 7 సెకన్లలో చేతులెత్తేస్తాయి. మిగతా డిస్కుల నుంచి లెక్క కట్టుకోవడం కంట్రోలర్ పని. డెస్క్‌టాప్ డిస్క్ నోరు మెదపకుండా కూర్చుంటే కంట్రోలర్ అది చచ్చిందనుకుని బయటికి తోసేస్తుంది. తర్వాత టెస్ట్ చేస్తే బాగానే ఉంటుంది. అదే కంపెనీ డెస్క్‌టాప్ డిస్క్ పెట్టినా ఇదే జరిగేది.

నన్నడిగితే గాజువాక సార్ భయపడాల్సింది ఆ "ఒకే బిల్లు" గురించి. ఒకే లాట్ డిస్కులు ఒకే గదిలో, ఒకే వేడిలో, అన్నేళ్లూ ఒకే పని చేశాయి. ముసలితనం కూడా కలిసే వస్తుంది. 2019 నవంబరులో సర్వర్ల కంపెనీ హెచ్‌పీఈ తన కొన్ని ఎస్‌ఎస్‌డీల గురించి ప్రకటన ఇచ్చింది: ఫర్మ్‌వేర్ లోపం వల్ల సరిగ్గా 32,768 గంటలు నిండగానే డిస్క్ పోతుంది, డేటా కూడా తిరిగి రాదు అని. అంటే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలు. ఒకే రోజు స్విచ్ వేసిన డిస్కులైతే అన్నీ ఇంచుమించు ఒకే గంటలో. అక్కడ రెయిడ్ 5 అయినా, రెండు డిస్కులు పోయినా తట్టుకునే రెయిడ్ 6 అయినా ఒకటే. 2020 మార్చిలో ఇంకో రకం ఎస్‌ఎస్‌డీలకు 40,000 గంటలని మళ్లీ చెప్పారు. కంపెనీలు కలిపి వాడేవాడికి ఈ టెన్షన్ సగం తగ్గుతుంది.

ఇంకోటి. మెగారెయిడ్ కంట్రోలర్లలో కోయర్షన్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. డిస్క్ సైజును 128 ఎంబీకో 1 జీబీకో కిందికి సర్దుతుంది, వేరే కంపెనీ డిస్క్ పిసరంత చిన్నదైనా ఇమిడేలా. కలపకూడని పనే అయితే ఆ సెట్టింగ్ ఎందుకు పెట్టినట్టు?

పాతకేబుల్
పోయిన డిస్క్ స్థానంలో ఏదో ఒకటి పెట్టి గట్టెక్కడానికి. ఆపద్ధర్మానికి పెట్టినదాన్ని కొత్తగా కొనేటప్పుడు రూలు చేసుకుంటారా? మీరు చెప్పిన హెచ్‌పీఈ సంగతి ఎస్‌ఎస్‌డీలది, హార్డ్‌డిస్కులది కాదు. దానికి మందు ఫర్మ్‌వేర్ అప్‌డేట్, కిచిడీ కాదు. రెండు కంపెనీలుంటే రెండు ఫర్మ్‌వేర్‌లు చూసుకోవాలి, వారంటీకి ఇద్దరి చుట్టూ తిరగాలి. స్టూడియో నడుపుకునే మనిషికి ఈ గోల అవసరమా?

డెస్క్‌టాప్ డిస్కే. అది ఒప్పుకుంటా.

ఎంవీపీ_సెక్టార్6
"వేరే కంపెనీ" అని తెగ కొట్టుకుంటున్నారు గానీ హార్డ్‌డిస్కులు చేసేది ఇప్పుడు ముగ్గురే కదండీ. సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. శాంసంగ్ హార్డ్‌డిస్క్ వ్యాపారాన్ని 2011లో సీగేట్ కొనేసింది, హిటాచీది 2012లో వెస్టర్న్ డిజిటల్ చేతికి పోయింది. మీ సర్వర్ కంపెనీ స్టిక్కర్ పీకి చూడండి, కింద ఈ ముగ్గురిలో ఒకరుంటారు.

లాసన్స్‌బే_లీల
మోడల్ నంబర్ ఎవరూ అడగలేదేంటి? కంపెనీ కన్నా ముందు చూడాల్సింది డిస్క్ ఎస్‌ఎంఆరా, సీఎంఆరా అని.

గాజువాక గారూ, పెంకుటింటి కప్పు గుర్తు తెచ్చుకోండి. ఒక వరస మీదికి ఇంకో వరస ఎక్కి ఉంటుంది. మధ్యలో ఒక్క పెంకు మార్చాలంటే దాని మీదికి ఎక్కిన వరసలన్నీ కదపాలి. సీఎంఆర్ డిస్క్‌లో ట్రాకులు (డేటా రాసే వరసలు) విడివిడిగా ఉంటాయి. ఎస్‌ఎంఆర్ డిస్క్‌లో ఆ పెంకుల్లా ఒకదాని మీదికి ఒకటి పరిచి ఉంటాయి. తక్కువ ఖర్చులో ఎక్కువ చోటు. ఫైళ్లు ఒకసారి రాసి వదిలేస్తే హాయిగా పనిచేస్తుంది. అర్రే పెంచినప్పుడు మాత్రం కంట్రోలర్ ఉన్న డేటా మొత్తాన్ని కదిపి కొత్త డిస్కుల మీదికి కూడా పరుస్తుంది, రోజుల తరబడి ఎడతెగని రాత. డిస్క్‌లో ముందున్న చిన్న బఫర్ నిండిపోయాక వేగం పాతాళానికి పడిపోతుంది, జవాబు ఆలస్యమవుతుంది. ఆ తర్వాత జరిగేది పాతకేబుల్ గారి సిరిపురం కథే.

2020లో పెద్ద గొడవైంది ఇందుకే. వెస్టర్న్ డిజిటల్ నాస్ కోసమని అమ్మిన రెడ్ డిస్కుల్లో 2 నుంచి 6 టీబీ మోడళ్లు కొన్ని ఎస్‌ఎంఆర్ అని ఏప్రిల్‌లో బయటపడింది. తర్వాత సీఎంఆర్ వాటికి రెడ్ ప్లస్ అని వేరే పేరు పెట్టారు. చూడండి, ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే రంగు స్టిక్కర్, లోపల రెండు రకాలు. "ఒకే కంపెనీ వేస్తే చాలు" అనుకున్నవాళ్లే అప్పుడు ఎక్కువ దెబ్బతిన్నారు.

షాపాయన చూపించిన డిస్క్ లేబుల్ ఫోటో ఉందా?

గాజువాక_ఫ్రేమ్స్
ఉంది మేడమ్. డబ్బా మీద "డెస్క్‌టాప్" అనే ఉంది, ఇప్పుడు గమనించాను. 5400 ఆర్‌పీఎం, క్యాష్ 256 ఎంబీ. మా పాతవి 7200, 128.

లాసన్స్‌బే_లీల
క్యాష్ చూసి తేల్చలేం, సీఎంఆర్‌లో కూడా 256 ఉన్నవి ఉన్నాయి. కంపెనీ డేటాషీట్‌లో ఆ మోడల్ వెతకండి, రికార్డింగ్ టెక్నాలజీ అనే గడిలో ఉంటుంది.

గాజువాక_ఫ్రేమ్స్
చూశాను. ఎస్‌ఎంఆర్. అడ్వాన్స్ ఇవ్వలేదు, బతికాం.

డాల్ఫిన్‌నోస్_దీపం
బ్యాకప్ ఉందా అని ఒక్కరూ అడగలేదు. పెంచేటప్పుడు సగంలో కరెంటు పోయి, కంట్రోలర్ బ్యాటరీ కూడా చచ్చి ఉంటే? హుద్‌హుద్ రోజు, 2014 అక్టోబరు 12న, మా ఆఫీసు కిటికీ అద్దాలు పగిలి సర్వర్ మీద వాన పడింది. బ్యాకప్ ఉంది, పక్క బల్ల మీదే. అదీ తడిసింది.

రెండో విషయం. ఆరు డిస్కులతో రెయిడ్ 5 వద్దు. రేపు ఒకటి పోతే మిగతా అయిదూ మొదటినుంచి చివరిదాకా చదవాలి, 20 టీబీ. చాలా మామూలు డిస్కుల స్పెక్‌లో 12.5 టీబీ చదివితే ఒక్క లోపం రావచ్చని ఉంటుంది.

ముడసర్లోవ_గట్టు
ఆ లెక్క అతి. అది గ్యారంటీ హద్దు, జరిగి తీరుతుందని కాదు. మా అర్రే నెలనెలా పూర్తిగా చదివిస్తాను, ఇంతవరకు ఒక్క లోపం రాలేదు. రెయిడ్ 6 మంచిదే, ఈ లెక్కతో మాత్రం భయపెట్టొద్దు.

డాల్ఫిన్‌నోస్_దీపం
సరే, భయం వదిలేద్దాం, విండోస్ సంగతి చూద్దాం. 12 టీబీ డ్రైవ్‌ను మామూలుగా ఫార్మాట్ చేస్తే ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైళ్లు దాచే పద్ధతి) క్లస్టర్, అంటే ఒక్కో గడి, 4 కేబీ పెడుతుంది. ఆ క్లస్టర్‌తో డ్రైవ్, విండోస్ లెక్కలో 16 టీబీ దాటి పెరగదు. ఆరు డిస్కుల రెయిడ్ 5 అంటే విండోస్‌లో 18.2. మూడు రోజులు అర్రే పెంచి, చివర్న ఎక్స్‌టెండ్ నొక్కితే కుదరదంటుంది. అదే రెయిడ్ 6 అయితే 14.5, ఇమిడిపోతుంది. గాజువాక సార్, కమాండ్ ప్రాంప్ట్‌లో ఎఫ్‌ఎస్‌యుటిల్‌తో చూడండి, బైట్స్ పర్ క్లస్టర్ అని వస్తుంది.

గాజువాక_ఫ్రేమ్స్
4096 అని వచ్చింది.

పాతకేబుల్
ఇది నాకూ తట్టలేదు. దీపం గారికి ఒక టీ బాకీ.

అయినా నడుస్తున్న అర్రేని 5 నుంచి 6కి మార్చడం నాకు నచ్చదు. బయటి డిస్క్‌కి మొత్తం కాపీ తీసుకోండి, పది ఫైళ్లు తెరిచి చూసుకోండి, పాత అర్రే చెరిపేసి ఆరింటితో కొత్తగా రెయిడ్ 6 కట్టండి, 64 కేబీ క్లస్టర్‌తో ఫార్మాట్ చేయండి. రేపు ఇంకో రెండు వేసుకున్నా అడ్డుండదు. వేరే కంపెనీ తప్పకపోతే సరే, కానీ సీఎంఆర్, నాస్ రకం, 7200, సెక్టార్ సైజు కూడా పాతవాటిదే అయ్యుండాలి. డిస్క్ సైజు పాతదానికన్నా ఒక్క ఎంబీ తగ్గకూడదు. ఇన్ని చూసి కొనే బదులు అదే మోడల్ కోసం హైదరాబాద్‌లో వెతికించొచ్చు కదా అని నా మనసు ఇంకా పీకుతూనే ఉంది.

ముడసర్లోవ_గట్టు
ఆగిపోయిన మోడల్ ఎక్కడో దొరికితే అది ఎన్నేళ్లు గోదాంలో పడుందో, ఎవరు వాడి తీసేసిందో. దానికి నేను ఒప్పుకోను.

గాజువాక_ఫ్రేమ్స్
వేరే కంపెనీవే, నాస్ రకం సీఎంఆర్, 7200వి రెండు తీసుకున్నాను. రెండూ రెండు షాపుల్లో, సీరియల్ నంబర్లు దూరంగా ఉండేలా. షాపాయన నన్ను వింతగా చూశాడు. 14 టీబీ ఎక్స్‌టర్నల్ కూడా కొన్నా, ఆ పని అయ్యాక అది అనకాపల్లిలో మా అక్క ఇంటికి పోతుంది. ఇంజినీర్‌కి ఈ చర్చ మొత్తం పంపాను. "రెయిడ్ 6 అయితే గురువారం వస్తా" అన్నాడు, పూచీ సంగతి ఎత్తలేదు.

కాపీ నిన్న రాత్రి మొదలుపెట్టా. ఇప్పుడు 41 శాతం. పై గదిలో ఏసీ ఎవరూ ఆపొద్దని తలుపు మీద కాగితం అంటించి ఇప్పుడే ఇంటికొచ్చా.