న్యూకాజిల్ జెర్సీ ముందు సౌదీ కంపెనీ పేరు: ఉంచాలా, తీసేయాలా?

కావలి_లెఫ్ట్‌బ్యాక్:

కావలిలో మా సెవెన్స్ (ఏడుగురాడే ఫుట్‌బాల్) టీముకి కొత్త జెర్సీలు చేయిస్తా ఉండాం, 14 జతలు. ఎక్కువమంది ఇంగ్లండు ఫుట్‌బాల్ క్లబ్ న్యూకాజిల్ డిజైనే అడిగారు, నలుపు తెలుపు నిలువు చారలు. ముందర ఉండే 'సెలా' అనే పేరు సౌదీ ప్రభుత్వ ఫండ్ కంపెనీదని, అది మన ఛాతీ మీద వద్దని ఒక పిల్లోడు పట్టుబట్టినాడు. మిగతావాళ్లు ఒప్పుకోడం లేదు. 2024 నవంబరులో ఐపీఎల్ వేలం జెడ్డాలోనే జరిగింది, అప్పుడెవరూ టీవీ కట్టేయలేదు గదా అంటున్నారు. జియోలో కూడా ఆ ఫండ్ డబ్బుందని, గల్ఫ్ డబ్బుతో ఇళ్లు కట్టుకున్న ఊళ్లవాళ్లం మనకు మాట్లాడే హక్కు ఎక్కడిదని వాళ్ల వాదన.

తెలిసినవాళ్లు చెప్పండన్నా. ఆ క్లబ్ నిజంగా సౌదీ ప్రభుత్వానిదేనా? ఇంగ్లండు పెద్ద క్లబ్బులాడే ప్రీమియర్ లీగ్ కాదనింది గదా. ప్రభుత్వానిదే అయితే, అమెరికా కోటీశ్వరుడు కొంటే లేని తప్పు ఇందులో ఏముంది? ఇక్కడ కూర్చోని మేం చేయగలిగింది ఏమన్నా ఉందా?

పెన్నా_గట్టు:

మొదటి ప్రశ్నకు చెప్తాను, అది కాగితాల మీద తేలే విషయం.

2021 అక్టోబరు 7న న్యూకాజిల్ చేతులు మారింది. ధర 30.5 కోట్ల పౌండ్లు. సౌదీ పబ్లిక్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్‌కు 80 శాతం, బ్రిటన్ వ్యాపారి అమాండా స్టేవ్లీ సంస్థకు 10, అక్కడి సంపన్నులు రూబెన్ సోదరులకు 10. 2024లో స్టేవ్లీ తప్పుకున్నాక ఫండ్ వాటా 85 అయింది. సౌదీ రాజ్యం క్లబ్బును నియంత్రించదని చట్టబద్ధమైన హామీలు అందాయని లీగ్ ప్రకటించింది. కానీ ఆ ఫండ్‌కు అధ్యక్షుడు యువరాజు మహమ్మద్ బిన్ సల్మాన్. ఫండ్ గవర్నర్ యాసిర్ అల్ రుమయ్యానే క్లబ్ చైర్మన్. 2023లో అమెరికాలో, తాను డబ్బు పెట్టిన గోల్ఫ్ లీగ్ కేసులో పత్రాలు చూపించమంటే ఇదే ఫండ్ ఏమని వాదించిందో తెలుసా? తాము సౌదీ రాజ్యంలో భాగమని, రుమయ్యాన్ పదవిలో ఉన్న మంత్రి అని, కాబట్టి విదేశీ కోర్టు తమను అడగడానికి లేదని. ఇంగ్లండులో రాజ్యం కాదు, అమెరికాలో రాజ్యం. నా మటుకు ఆ చర్చ అక్కడితో ముగిసింది.

ఇంకో సంగతి ఎక్కువమందికి గుర్తుండదు. 2020లో ఈ బేరం ఏడాదికి పైగా ఆగిపోయింది. అంతకు రెండేళ్ల ముందు ఇస్తాంబుల్ కాన్సులేట్‌లో జర్నలిస్టు జమాల్ ఖషోగ్గిని చంపారు, మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ లీగ్‌కు ఉత్తరం కూడా రాసింది. అయినా అడ్డం పడింది అది కాదు. ఖతార్‌కు చెందిన బీయిన్ స్పోర్ట్స్ టీవీ ప్రసారాలను సౌదీలో దొంగతనంగా చూపిస్తున్నారన్న గొడవ. ఆ చిక్కు విడిన వెంటనే, రోజుల వ్యవధిలో బేరం కుదిరింది. లీగ్‌కు ఏది నొప్పో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఏ ఇంగ్లిష్ క్లబ్ ఎవరిదో మీరే చూసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. కంపెనీలు నమోదయ్యే బ్రిటన్ కంపెనీస్ హౌస్ వెబ్‌సైటులో క్లబ్ పేరు కొట్టండి. ఒకే పేరుతో నాలుగైదు కంపెనీలు వస్తాయి, ఇక్కడే చాలామంది తప్పుదారి పడతారు. స్టేడియంది, మహిళల జట్టుది, ట్రస్టుది విడిగా ఉంటాయి. ఫుట్‌బాల్ కంపెనీని పట్టుకుని అందులో 'గణనీయ నియంత్రణ ఉన్న వ్యక్తులు' అనే పేజీ తెరవండి. అక్కడున్న మాతృసంస్థను మళ్లీ వెతకండి, అట్లా మెట్టు మెట్టుగా పైకి పోండి. 25 శాతం దాటిన వాటాలే ఆ పేజీలో కనిపిస్తాయి. చిన్న వాటాదారులు కావాలంటే ఏటా దాఖలు చేసే ధ్రువీకరణ పత్రం చూడాలి. గొలుసు బ్రిటన్ దాటిపోయినచోట ఆ సైటు ఆగిపోతుంది. అప్పుడు వార్షిక లెక్కల చివర్లో 'అంతిమ నియంత్రణ ఎవరిది' అనే నోటు, దానికి దగ్గర్లోనే సంబంధిత పక్షాల (అంటే యజమానికి చెందిన ఇతర కంపెనీల) లావాదేవీల నోటు చదవండి. స్పాన్సర్ల గుట్టు రెండోదాంట్లో ఉంటుంది.

ఒంగోలు_స్వీపర్:

పై అన్న చెప్పిన స్పాన్సర్ల నోటు సంగతి కొంచెం విప్పి చెప్పాలి. యజమాని దగ్గర డబ్బుందని ఎంతంటే అంత గుమ్మరించడానికి లేదు. మూడేళ్లకు కలిపి 10.5 కోట్ల పౌండ్లకు మించి నష్టం చూపకూడదని లీగ్ ఇన్నాళ్లూ నిబంధన పెట్టింది. స్పాన్సర్‌షిప్ మాత్రం ఆదాయం కింద రాసుకోవచ్చు. అదే యజమాని చేతిలోని ఇంకో కంపెనీ జెర్సీ మీదికొస్తే నష్టం తగ్గినట్టు కనిపిస్తుంది. అందుకే న్యూకాజిల్ అమ్మకం తర్వాత, 2021 డిసెంబరులో, అలాంటి ఒప్పందాలు మార్కెట్ ధరకే ఉండాలని మిగతా క్లబ్బులు నిబంధన తెచ్చుకున్నాయి. సెలా కూడా ఆ ఫండ్‌దే. మీ పిల్లోడు వేలుపెట్టి చూపిన చోటు సరైనదే.

ఇక తప్పేంది అన్నదానికి. గల్ఫ్ డబ్బున్నవాడు కొనడం, గల్ఫ్ రాజ్యం కొనడం ఒకటి కాదు. 2012లో ఇంగ్లండు క్లబ్ నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌ను కువైట్ కుటుంబం అల్ హసావీ కొన్నది. సరిగా నడపలేకపోయారు, అభిమానులు తిట్టారు, 2017లో అమ్మేసి పోయారు. అది వ్యాపారం. లండన్ క్లబ్ చెల్సీ యజమాని, రష్యా కోటీశ్వరుడు అబ్రమోవిచ్ మీద 2022 మార్చి 10న బ్రిటన్ ఆంక్షలు వేసింది, మే కల్లా క్లబ్ 250 కోట్ల పౌండ్లకు అమ్ముడైంది. మనిషైతే ఆస్తులు స్తంభింపజేయొచ్చు, కోర్టుకు లాగొచ్చు. యజమాని ఒక రాజ్యమైతే ఆ పని చేయాలంటే ఆయుధాల ఒప్పందాలు, చమురు, రాయబార సంబంధాలు అన్నీ కదులుతాయి. ఏ ప్రభుత్వం కదిలిస్తుంది?

అబ్రమోవిచ్ మీద ఆంక్షలు పడిన రెండు రోజులకు, మార్చి 12న, సౌదీలో ఒకే రోజు 81 మందికి మరణశిక్ష అమలు చేశారు. మర్నాడు చెల్సీ మైదానంలో న్యూకాజిల్ ఆట. విలేఖరులు ఆ శిక్షల గురించి అడిగితే కోచ్ ఎడ్డీ హౌ తాను ఫుట్‌బాల్ గురించే మాట్లాడతానన్నాడు. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు, జీతమిచ్చేది ఆ ఫండే. రాజ్యం కొనుక్కునేది సరిగ్గా ఆ మౌనాన్నే. ట్రోఫీలు దాని తర్వాత. అదే ఏడాది ఆగస్టులో సల్మా అల్ షెహాబ్ అనే, ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసే సౌదీ విద్యార్థినికి అక్కడి కోర్టు ట్వీట్ల మీద 34 ఏళ్ల శిక్ష వేసింది. తర్వాత తగ్గించి 2025లో విడిచిపెట్టారు. లీడ్స్ నుంచి న్యూకాజిల్ 150 కిలోమీటర్లు.

కావలి_లెఫ్ట్‌బ్యాక్:

మరి మాంచెస్టర్ సిటీ? మా గోలీ సిటీ అభిమాని, ఇప్పుడే కోపం వచ్చేసింది.

పెన్నా_గట్టు:

2008 సెప్టెంబరులో అబుదాబి రాజకుటుంబానికి చెందిన షేక్ మన్సూర్ కొన్నాడు. అది ఆయన సొంత పెట్టుబడి అంటారు. కానీ క్లబ్ చైర్మన్ ఖల్దూన్ అల్ ముబారక్ అక్కడి ప్రభుత్వ నిధి ముబాదలాకు అధిపతి. 2014లో మాంచెస్టర్ నగరపాలికతో కలిసి ఇళ్ల నిర్మాణంలోకి కూడా దిగారు. పెట్టుబడిదారుడి దేశంలో హక్కుల కార్యకర్త అహ్మద్ మన్సూర్ 2017 నుంచి జైల్లో ఉన్నాడని ఆ నగరపాలిక గట్టిగా ఎప్పుడు అడుగుతుంది? గోలీ తమ్ముడికి చెప్పండి, గోల్స్ చూసి ఆనందించడం తప్పు కాదు. యజమానిని వెనకేసుకొచ్చి మాట్లాడక్కర్లేదు, అంతే.

ఉదయగిరి_రెండోపోస్ట్:

గల్ఫ్ డబ్బుతో బతికేవాళ్లకు మాట్లాడే హక్కు లేదనే మాట నాకు నచ్చలేదు. మన ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచి కువైట్, సౌదీ పోయిన ఆడవాళ్లు, మగవాళ్లు తెచ్చింది కూలి. ఎవరూ దానం చేయలేదు. కూలి తీసుకున్నందుకు యజమాని చేసేదంతా ఒప్పుకోవాలంటే వెట్టికీ దానికీ తేడా ఏముంది?

పైగా అక్కడి చట్టం సంగతి బాగా తెలిసేది ఆ కుటుంబాలకే. 2021 మార్చిలో సౌదీ ఉద్యోగం మారే నిబంధనలు సడలించింది. ఇళ్లల్లో పనిచేసేవాళ్లనూ ఇంటి డ్రైవర్లనూ అందులో చేర్చలేదు. అదే నెల నుంచి ఖతార్‌లో కనీస వేతనం నెలకు 1000 రియాళ్లు, యజమాని తిండీ వసతీ ఇవ్వకపోతే ఇంకో 800. అది ఇంటిపనివాళ్లకూ వర్తిస్తుంది. 2022లో ఖతార్‌లో జరిగిన ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ముందు ఏళ్ల తరబడి ప్రపంచమంతా నిలదీస్తేనే ఆ మాత్రమైనా కదిలింది. అమలు పూర్తిగా బాగుందని కాదు. అడిగితే కొంతైనా మారుతుందని చెప్తుండా.

ఐపీఎల్, జియో మాటకొస్తే మీవాళ్లు చెప్పింది నిజమే. 2020 జూన్‌లో ఆ ఫండ్ 11,367 కోట్లు పెట్టి జియో ప్లాట్‌ఫామ్స్‌లో 2.32 శాతం తీసుకుంది. ఆ వాటాతో కంపెనీ నడవదు, న్యూకాజిల్‌లో 85 శాతంతో నడుస్తుంది. క్రికెట్‌ను కూడా ఇదే ప్రశ్న అడగాల్సిందే. అక్కడ అడగలేదు కాబట్టి ఇక్కడా అడగొద్దు అంటే నేనొప్పుకోను.

ఒంగోలు_స్వీపర్:

చేయగలిగింది అడిగారు గదా. నలుపు తెలుపు చారలు ఎవరి సొత్తూ కాదు, వేయించుకోండి. క్లబ్ ముద్ర ట్రేడ్‌మార్క్, దాని బదులు మీ టీము గుర్తు పెట్టండి. డిజైన్ ఫైలులో స్పాన్సర్ పేరు విడి లేయరుగా ఉందేమో ప్రింటరును అడగండి. నెట్ నుంచి దించిన బొమ్మైతే చారల్లో కలిసిపోయి ఉంటుంది, చెరిపితే మచ్చ పడుతుంది, చారలు కొత్తగా గీయించడమే మేలు. సబ్లిమేషన్ (వేడితో గుడ్డలోకి ఎక్కించే) రంగు పాలిస్టర్‌కే పడుతుంది, కాటన్ కలిస్తే నలుపు వెలిసినట్టు వస్తుంది. ఖాళీ అయిన చోట ఊరి పేరు వేసుకోండి.

టీవీలో చూడటం గురించి బెంగ వద్దు. విదేశీ ప్రసార హక్కుల డబ్బు ఒక స్థాయి వరకు 20 క్లబ్బులకూ సమానంగా, ఆపై పెరిగింది పట్టికలో స్థానాన్ని బట్టి పోతుంది. మీరొక ఆట మానేస్తే ఆ ఫండ్‌కు తగ్గేదేం లేదు. ఆ పేరును ఊరూరా మోసి తిప్పడం మాత్రం వాళ్లకు కావాల్సిన పనే, జెర్సీ విషయంలో అందుకే నేను పిల్లోడి పక్షం.

పెన్నా_గట్టు:

నిబంధనల్లో కంత ఎక్కడుందో కూడా చెప్పాలి. జర్మనీలో చాలా క్లబ్బులకు సగం కంటే ఒక ఓటు ఎక్కువ సభ్యుల చేతిలోనే ఉండాలి, కాబట్టి రాజ్యం ఎంత డబ్బు తెచ్చినా పగ్గాలు దొరకవు. స్పాన్సర్‌గా రావచ్చు. అక్కడి పెద్ద క్లబ్ బయర్న్ చొక్కా చేతి మీద ఖతార్ ఎయిర్‌వేస్ పేరు ఉండేది. 2021 సర్వసభ్య సమావేశంలో సభ్యులు గొడవ చేశారు, 2023లో ఒప్పందం ముగిసింది. వాళ్ల వల్లేనని క్లబ్ చెప్పలేదు. కొద్ది వారాలకే రువాండాతో ఇంకో ఒప్పందం చేసుకుంది.

ఇంగ్లండులో ప్రీమియర్ లీగ్ 2023 మార్చిలో యజమానుల పరీక్షలో (క్లబ్ కొనేవాళ్లు అర్హులా కాదా అని చూసేదాంట్లో) మానవ హక్కుల ఉల్లంఘనను చేర్చింది. దానికి కొలత బ్రిటన్ 2020లో తెచ్చిన ఆంక్షల చట్టం. ఖషోగ్గి హత్య మీద ఆ చట్టం కింద 20 మంది సౌదీలపై ఆంక్షలు పడ్డాయి, యువరాజు పేరు వాటిలో లేదు. అంటే బ్రిటన్‌తో స్నేహంగా ఉన్నంతకాలం ఏ పాలకుడూ ఈ పరీక్షలో తప్పడు. 2025 జులైలో వచ్చిన ఫుట్‌బాల్ పాలన చట్టంతో స్వతంత్ర నియంత్రణ సంస్థ ఏర్పడింది, యజమానులను పరీక్షించే అధికారం దానికీ ఉంది. రాసేవాళ్లు ఇకమీదట ఆ సంస్థకు రాయాలి. మాటలతో కాకుండా లెక్కలతో రాయండి. చాలా క్లబ్బుల ఆర్థిక సంవత్సరం జూన్‌తో ముగుస్తుంది, దాఖలుకు 9 నెలల గడువు, మార్చి చివరికల్లా కంపెనీస్ హౌస్‌లో కొత్త లెక్కలు కనిపిస్తాయి.