మియాటాకి 17 అంగుళాల వీల్స్ వేస్తే తప్పేంటి?

ఫ్రిస్కో_శశి:
అందరికీ నమస్తే. ఎన్నాళ్లుగానో ఊరిస్తున్న 1991 మాజ్డా మియాటా (రెండు సీట్ల ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కారు) ఎట్టకేలకు కొన్నాను. ఎరుపు రంగు, 1.6 ఇంజిన్, మాన్యువల్ గేర్లు. పాపప్ లైట్లు రెండూ లేస్తున్నాయి! వీల్స్ కంపెనీవే, ఏడు చువ్వల 14 అంగుళాలవి. టైర్లు 185/60-14 (వెడల్పు 185 మి.మీ., పక్క గోడ ఎత్తు అందులో 60 శాతం, వీల్ 14 అంగుళాలు). ఈ సైజులో మంచి సమ్మర్ టైరు కోసం ఎంత వెతికినా ఆల్ సీజన్ రకాలే కనిపిస్తున్నాయి. మా దగ్గర్లో ఒకతను 17×7 (వ్యాసం, వెడల్పు అంగుళాల్లో), ఆఫ్‌సెట్ +40 (వీల్ మధ్య గీత నుంచి హబ్‌కి ఆనే చోటు ఎన్ని మి.మీ. బయటికి ఉందో) వీల్స్‌ని 205/40-17 టైర్లతో సహా చవగ్గా అమ్ముతున్నాడు. బోల్ట్ ప్యాటర్న్ 4×100 (100 మి.మీ. వృత్తం మీద నాలుగు బోల్టులు), అదీ సరిపోయింది. ఫోటోలో అదిరిపోయాయి. పడతాయా? వేస్తే తప్పేమైనా ఉందా?

బావగారు_ప్లానో:
పడతాయి. కొనెయ్.

పాత_స్పానర్:
శశి గారూ, పట్టడం వేరు, నప్పడం వేరు. మీ పాత టైరు మొత్తం ఎత్తు సుమారు 578 మి.మీ. 205/40-17 ఎత్తు 596. అంటే 3 శాతం పెద్దది. స్పీడోమీటర్ 60 చూపిస్తున్నప్పుడు మీరు నిజానికి 62 మీద ఉంటారు. అదైనా సర్దుకోవచ్చు గానీ, గేరింగ్ కూడా అంతే పొడుగవుతుంది. ఉన్నదే 116 హార్స్‌పవర్, అందులోంచి కోత వేసుకుంటామా?

ఇక బరువు. మీ ఏడు చువ్వల వీల్ దాదాపు 12 పౌండ్లు. చవకరకం 17 అంగుళాల కాస్ట్ వీల్ 20 దాటుతుంది. ఆ బరువంతా సస్పెన్షన్‌కి కింద, తిరిగే చోట పడుతుంది. పైగా టైరు పక్క గోడ 111 మి.మీ. నుంచి 82కి దిగిపోతుంది. పైకప్పు లేని పాత బాడీ, గతుకు తగిలిన ప్రతిసారీ డాష్‌బోర్డు, అద్దం వణుకుతాయి. ఇప్పుడే వణుకుతుంటాయి, చూసుకోండి.

1999లో రెండో తరం మియాటాకి మాజ్డాయే 15×6 వీల్, 195/50-15 టైరు ఇచ్చింది. దాని ఎత్తు 576. మీ పాతదానికి 2 మి.మీ. తేడా. 15 అంగుళాల్లో స్పోర్ట్స్ టైర్లు ఇప్పటికీ బోలెడు. ఇంతకు మించి ఆలోచించాల్సింది లేదు.

తార్నాక_టర్బో:
మియాటా ఇండియాకి రానే లేదు. నేను స్విఫ్ట్‌లో కూర్చుని మీ కష్టాలు చదువుకుంటున్నా. కానివ్వండి.

గేరు_రాజు:
మాస్టారూ, 1999 దగ్గర ఆగిపోయారేం? 2001 నుంచి అదే మాజ్డా 16 అంగుళాలు, 205/45-16 కూడా ఇచ్చింది. దాని ఎత్తు 591. మీ లెక్కన అదీ తప్పేనా? స్పీడోమీటర్ పేరు చెప్పి కుర్రాణ్ణి భయపెట్టకండి.

శశి, నేనూ 17 వద్దనే అంటా, కారణం మాత్రం వేరు. 15×8, ఆఫ్‌సెట్ +25 తీసుకో. దాని మీద 225/45-15. ఎత్తు 584 కూడా లేదు. 200 ట్రెడ్‌వేర్ టైరు (త్వరగా అరిగినా పట్టు ఎక్కువున్న రకం) వెయ్. ఒక్కసారి ఆటోక్రాస్‌కి (కోన్ల మధ్య టైమ్ చూసే పోటీ) తీసుకెళ్లావంటే ఆ 14 అంగుళాల వీల్స్‌ని గ్యారేజీ గోడకి తగిలిస్తావు.

పాత_స్పానర్:
2001లో 16 వేసిన మాట నిజం. అదే ఏడు బాడీకి అదనపు బ్రేసులు పెట్టి గట్టిపరిచిన మాట కూడా చెప్పాలి కదా. 1991 బాడీకి అవి లేవు.

15×8, +25 అంటున్నారు. లెక్క వేశారా? పాత వీల్ 14×5.5, +45. దానితో పోలిస్తే మీది బయటికి 52 మి.మీ., లోపలికి 12 మి.మీ. ఎక్కువ వస్తుంది. కారు కిందికి దించి, క్యాంబర్ (వీల్ పైభాగం లోపలికి వాలే కోణం) పెంచి, ఫెండర్ లోపలి అంచు మడిస్తే తప్ప టైరు రాసుకుంటుంది. శశి గారు అడిగింది వీల్స్ గురించి, మీరు చెప్తున్నది మొత్తం కారు మార్పించే పని. స్క్రబ్ రేడియస్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు గీతకీ టైరు మధ్యకీ నేల మీద ఉన్న దూరం) మారి స్టీరింగ్ రోడ్డు మీది ప్రతి గీతనీ వెతుక్కుంటుంది, అదింకోటి. ఆటోక్రాస్ అన్నారు కాబట్టి చెప్తున్నా. ఎస్‌సీసీఏ (అమెరికాలో ఈ పోటీలు నడిపే స్పోర్ట్స్ కార్ క్లబ్) స్ట్రీట్ క్లాస్‌లో వీల్ వ్యాసం ఒక అంగుళం అటూ ఇటూ మార్చుకోవచ్చు, వెడల్పు మాత్రం కంపెనీదే ఉండాలి. మీ 8 అంగుళాలతో ఆయన మొదటి రోజే స్ట్రీట్ దాటి పై క్లాసులో పడతాడు, మార్పులు చేసిన కార్ల మధ్య.

గేరు_రాజు:
ఏ క్లాసైతేనేం, టైమ్ తగ్గాలి గానీ. స్పీడోమీటర్ సంగతి మళ్లీ అడుగుతున్నా. 62 మైళ్లకి టికెట్ రాసిన పోలీసుని చూపించండి.

పాత_స్పానర్:
స్పీడోమీటర్ నా ప్రధాన వాదన కాదు.

గేరు_రాజు:
మొదట రాసింది అదే.

ఎడిసన్_సుబ్బు:
17 గురించి నన్నడగండి. నేను కొన్న మియాటాకి పాత ఓనరు 17లే వేసి అమ్మాడు. చూడ్డానికి బాగుందని నేనూ మురిసిపోయా. చలికాలం పోయి గుంతలు తేలగానే ఒకదాంట్లో కుడి ముందు వీల్ దిగింది. టైరు పక్క గోడ ఉబ్బింది, వీల్ లోపలి అంచు చీలింది. డిక్కీలోని సన్న స్పేరు తీస్తే దాంట్లో గాలి లేదు. టో ట్రక్ వచ్చేదాకా మా ఆవిడ సూపర్‌మార్కెట్ సంచులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒరిజినల్ వీల్స్ ఏమయ్యాయని అమ్మినవాణ్ణి అడిగితే పాత ఇనుముకి ఇచ్చేశానన్నాడు. అల్యూమినియం బాబూ అది!

నీరజ_కే:
సుబ్బు గారూ, స్పేరులో గాలి లేకపోవడం 17 అంగుళాల తప్పు కాదు కదండీ.

ఎడిసన్_సుబ్బు:
మీకు జరిగితే తెలిసేది.

బావగారు_ప్లానో:
టెక్సాస్‌లో అన్ని గుంతలు లేవు. కొనెయ్ శశీ.

గేరు_రాజు:
స్పానర్ గారికి ఒక్క ప్రశ్న. మీ కారు వారానికి ఎంత తిరుగుతుంది? ఇక్కడ మీరు పెట్టే ఫోటోలన్నీ గ్యారేజీలోవే. మీరు కారు తోలరండీ, తుడుస్తారు. తుడిచే కారుకి 14 చాలు.

పాత_స్పానర్:
నేను ఆదివారం తెల్లారకముందే లేచి కొండ రోడ్డు ఎక్కుతా. ఫోటోలు తీసుకుంటూ కూర్చోను. మీరు కోన్ల మధ్య నిమిషం తిరిగి, వీడియో పెట్టి, ట్రైలర్ మీద ఇంటికి తెచ్చుకుంటారు. దాన్ని తోలడం అంటారా?

గేరు_రాజు:
ట్రైలర్ నా డబ్బుతో కొన్నాను.

అడ్మిన్:
ఇద్దరూ వీల్స్ గురించి మాట్లాడండి. మనుషుల గురించి వద్దు.

గేరు_రాజు:
సరే, వీల్స్ గురించే. నేను వెడల్పు టైర్లకి ఎందుకు మారానో చెప్తా. 185 టైర్ల మీద, వాన పడుతుండగా, హైవే దిగే ర్యాంపు మీద కారు వెనక భాగం ఒక్కసారిగా పక్కకి వెళ్లిపోయింది. ఒక చుట్టు చుట్టి గడ్డిలో ఆగింది. పక్క సీట్లో మా అమ్మాయి. ఏబీఎస్ లేదు, స్టెబిలిటీ కంట్రోల్ అసలే లేదు. ఆ వారంలోనే 225కి మారా. ‘ఇంజనీర్లు ఏది వేశారో అదే’ అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లెవరూ ఆ సీట్లో లేరు.

పాత_స్పానర్:
పాపకి దెబ్బ తగల్లేదు కదా, అది చాలు. కానీ అడక్క తప్పదు. ఆ 185 టైర్ల తయారీ తేదీ ఎంత? పక్క గోడ మీద డీఓటీ కోడ్ చివర నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం.

గేరు_రాజు:
కారుతో పాటు వచ్చిన టైర్లు. చూడలేదు.

పాత_స్పానర్:
ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది రాజు గారూ. గట్టిపడిపోయిన రబ్బరు తడి రోడ్డు మీద ఏ సైజైనా నిలవదు. పైగా వానలో అరుగుదల సమానంగా ఉంటే వెడల్పు టైరే ముందు నీటి మీద తేలుతుంది. మీరు బాగుపడ్డది కొత్త రబ్బరు వల్ల. పేరు మాత్రం వెడల్పుకి ఇచ్చారు.

గేరు_రాజు:
అంటే నాకు తోలడం రాదంటారు.

పాత_స్పానర్:
అనలేదు. మనిద్దరి అసలు తేడా వేరే ఉంది. తోషిహికో హిరాయ్ ఈ కారు ప్రాజెక్టు నడిపినప్పుడు గుర్రమూ రౌతూ ఒకటైనట్టు ఉండాలని పట్టుబట్టాడు. అందుకే టన్ను లోపు బరువు, సన్న టైర్లు, డోర్ పక్కన స్టికర్ మీద టైరు గాలి 26 పీఎస్ఐ. మంచి 185 టైరు 35 మైళ్ల మలుపులోనే గొణగడం మొదలెడుతుంది. వెనక భాగం కొంచెం కదులుతుంది, చేతికి తెలుస్తుంది, పాదం రవ్వంత తీస్తే సర్దుకుంటుంది. ఆ సంభాషణ కోసమే నేను ఈ కారు కొన్నా. 225 వేస్తే అదే మలుపులో కారు నోరు మెదపదు. అది మాట్లాడే వేగానికి పబ్లిక్ రోడ్డు మీద జైలుకి పోవాలి.

గేరు_రాజు:
ఇప్పుడు అసలు విషయం బయటికొచ్చింది. మీకు జారడం కావాలి. నాకు అసలు జారకూడదు. మీరు సరదా అంటున్న ఆ కదలికే నాకు ఆ రోజు ర్యాంపు మీద వచ్చింది. మళ్లీ ఆ వెనక భాగం కదిలితే నా చెయ్యి స్టీరింగ్ మీద బిగుసుకుపోతుంది. 225 మీద అలా ఉండదు. మీ లెక్కలన్నీ కరెక్టే కావచ్చు, నాకు పనికిరావు.

పాత_స్పానర్:
ఆ మాట ముందే చెప్పి ఉంటే స్క్రబ్ రేడియస్ దాకా వెళ్లేవాణ్ణి కాదు. అయినా మీ భయానికి మందు శశి గారి కారుకి ఎందుకు వేయాలి?

గేరు_రాజు:
మీ సరదా మాత్రం ఎందుకు వేయాలి?

నీరజ_కే:
శశి గారూ, మీరు ఏం చేసినా ఒరిజినల్ వీల్స్ అమ్మకండి. కొత్తవాటికి సెంటర్ బోర్ (మధ్య రంధ్రం) పెద్దదిగా ఉంటే ఆ సందు నింపే 54.1 మి.మీ. హబ్ రింగులు తీసుకోండి, లేకపోతే హైవే మీద స్టీరింగ్ వణుకుతుంది. షాపువాళ్లు ఇంపాక్ట్ గన్‌తో నట్లు బిగిస్తే ఇంటికొచ్చి టార్క్ రెంచ్‌తో మళ్లీ చూసుకోండి.

ఫ్రిస్కో_శశి:
అందరికీ థాంక్స్. స్పానర్ గారు తేదీ అన్నాక వెళ్లి టార్చ్ వేసి చూశాను. మూడు టైర్ల మీద 2312 ఉంది. అంటే 2012. నాలుగోదాని కోడ్ లోపలి వైపు పడింది, కనపడలేదు. పక్క గోడ మీద జుట్టు మందాన పగుళ్లు కూడా ఉన్నాయి. ఈ లోపు 17లు ఎవరో తన్నుకుపోయారు. ఇంకొకతని దగ్గర 15×7, +35 ఉన్నాయి, వీల్స్ మాత్రమే. వాటికి 195/50-15 వేయిద్దామనుకుంటున్నా. బాగుంటాయా చూడ్డానికి? ఆ సంగతి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

బావగారు_ప్లానో:
బాగుంటాయి. కొనెయ్.

పాత_స్పానర్:
మంచి ఎంపిక. పాతదానికంటే 29 మి.మీ. బయటికి, 9 లోపలికి. మామూలు ఎత్తులో ఉన్న కారుకి ఇబ్బంది లేదు. కొనేటప్పుడు వీల్ తిప్పించి వంకర ఉందేమో చూడండి.

గేరు_రాజు:
7 అంగుళాల వీల్ మీద 195 ఏంటి శశీ, మరీ లాగినట్టుంటుంది. 205/50-15 వెయ్, నీట్‌గా కూర్చుంటుంది. దొరకడం కూడా తేలిక.

పాత_స్పానర్:
195కి 7 అంగుళాలు అనుమతించిన వెడల్పులోనే ఉంది. 205/50-15 ఎత్తు 586, అంటే ఒకటిన్నర శాతం ఎక్కువ. స్పీడోమీటర్ 60 చూపిస్తే

గేరు_రాజు:
వచ్చింది మళ్లీ స్పీడోమీటర్.