మొదటి బెంగాలీ అచ్చక్షరాల ఘనత విల్కిన్స్‌దా, పంచానన కర్మకార్‌దా?

లిపికారుడు: 1778లో బెంగాల్‌లోని హుగ్లీలో అచ్చయిన, ఆంగ్లేయుడు హాల్హెడ్ రాసిన బెంగాలీ వ్యాకరణానికి అక్షరాలు పోసిన ఘనతను దాదాపు అందరూ చార్లెస్ విల్కిన్స్‌కే కట్టబెడుతున్నారు. ఆయన ఈస్టిండియా కంపెనీ కొలువులో రైటరుగా, అంటే గుమస్తాగా వచ్చినవాడు. ఆయనతో కలిసి పనిచేసిన పంచానన కర్మకార్ లోహపు పనివాళ్ల ఇంట పుట్టినవాడు. ఉక్కు కడ్డీ కొన మీద అక్షరాన్ని తిరగేసి చెక్కి, దానిని రాగి ముక్క మీద కొట్టి, ఏర్పడిన గుంటను మూసగా చేసుకుని సీసం పోయాలి. అది తరాల చేతివాటం ఉన్నవాడి పని. అందుచేత మొదట చెప్పవలసిన పేరు పంచాననుడిదే.

పాతపుస్తకం: హాల్హెడ్ ముందుమాట చదివారా? లోహకారుడు, చెక్కేవాడు, పోతపోసేవాడు, ముద్రాపకుడు, ఈ నాలుగు వృత్తులనూ విల్కిన్సే నిర్వహించాడని అందులో ఉంది. పంచాననుడి పేరు లేదు.

గట్టుమీద: ముద్రలు చెక్కే జోసెఫ్ షెపర్డ్ కూడా తోడ్పడ్డాడని కొందరు పరిశోధకులు అంటారు. ఆయనను మీరిద్దరూ వదిలేశారు.

లిపికారుడు: ముందుమాట రాసినవాడు విల్కిన్స్ మిత్రుడు. తర్వాత బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చుకూటం నడిపిన క్రైస్తవ మిషనరీల మాట వినండి. విల్కిన్స్‌తో కలిసి ఆ పని చేసిన కళాకారుడే తమకు దొరికాడని వారే రాశారు. అక్కడ విలియం కేరీ ఒకప్పుడు చెప్పులు కుట్టినవాడు, వార్డ్ అచ్చుపని నేర్చినవాడు. అక్షరాలు చెక్కడానికి మాత్రం పంచాననుడే కావలసి వచ్చాడు. ఆయన పోయాక అల్లుడు మనోహర్ ఆ పని సాగించాడు.

పాతపుస్తకం: మిషనరీల ఆ వాక్యంలోనే, విల్కిన్స్ ఆలోచనలను ఆ కళాకారుడు చాలావరకు గ్రహించాడని కూడా ఉంది. మీరు ఆ సగాన్ని దాచారు. పైగా విల్కిన్స్ ఇంగ్లండుకు తిరిగి వెళ్లాక దేవనాగరి అక్షరాలను స్వయంగా చెక్కి పోశానని 1808 నాటి తన సంస్కృత వ్యాకరణంలో చెప్పుకున్నాడు. అక్కడ ఆయన పక్కన పంచాననుడు లేడు.

లిపికారుడు: దాచలేదు. నేనొక సంస్థకు తెలుగు ఫాంటు గీసి ఇచ్చాను. క్షకు, జ్ఞకు, ప్రతి ఒత్తుకూ తలకట్టుతో సర్దుబాటు చేసింది నేనే. ఆవిష్కరణ సభలో ఆలోచన తమదన్న అధికారి పేరు మాత్రమే వినిపించింది. ఆలోచన ఇచ్చినవాడికే ఘనత అనే మీ మాట నాకు ఎక్కడ తగులుతుందో మీకు తెలియదు.

పాతపుస్తకం: మీకు జరిగింది అన్యాయమే, కానీ దానికి పరిహారం హుగ్లీలో వెతకకండి! కాగితం మీద లేని ఘనతను సానుభూతితో ఒకరికి ఇస్తే, రేపు ఎవరైనా తమకు నచ్చినవారికి ఇచ్చుకుంటారు. నా భయమంతా అదే.

లిపికారుడు: ఇప్పుడు అసలు విషయానికి వచ్చారు. కాగితం ఎవరి చేతిలో ఉందో వారి పేరే కాగితం మీద ఉంటుంది. 1814లో శ్రీరాంపూర్‌లో అచ్చయిన తెలుగు వ్యాకరణం ముఖపత్రం మీద కేరీ పేరు ఉంది, మిషన్ ప్రెస్ పేరు ఉంది. మన అక్షరాలను చెక్కిన చేతులకు అక్కడ చోటు లేదు. చోటు లేదు కనుక ఆ చేతులే లేవందామా?

గట్టుమీద: విల్కిన్స్ రూపకల్పన, పంచాననుడి సహకారం అని రాస్తే ఇద్దరికీ సమ్మతమేనా?

పాతపుస్తకం: నాకు సమ్మతమే.

లిపికారుడు: నాకు కాదు. ఉక్కును చెక్కినవాడిని సహాయకుడిగా చూపే వాక్యం ఏదైనా నేను ఒప్పుకోను.