అప్‌డేట్: వాచీలు తెలిసిన మనిషి దొరికారు

హైదరాబాద్‌లో ఖరీదైన వాచీల గురించి నిజంగా తెలిసిన సేల్స్‌వాళ్లు ఎక్కడుంటారని పోయిన నెల అడిగాను కదా. "జవాబు మీకు ముందే తెలిసిన ప్రశ్న ఒకటి అడిగి చూడండి" అన్న సలహా భలే పనిచేసింది.

మొదటి షోరూమ్‌లో ఒమేగా స్పీడ్‌మాస్టర్ మూన్‌వాచ్‌కి కీ ఇవ్వాలా అని అడిగితే, "అక్కర్లేదు సార్, ఆటోమేటిక్. చేతికుంటే చాలు" అన్నాడు. అది చేత్తో కీ ఇవ్వాల్సిన వాచీ! నేనేమీ అనకుండా కాఫీ తాగి వచ్చేశాను. కాఫీ మాత్రం బాగుంది.

రెండో చోట ఒక పెద్దావిడ. అదే అడిగితే వాచీ నా చేతిలో పెట్టి, "మీరే తిప్పి చూడండి" అన్నారు. తర్వాత అందులోనే హెసలైట్ (ఒక రకం ప్లాస్టిక్) అద్దం ఉన్నదీ, సఫైర్ (గట్టి స్ఫటికం) అద్దం ఉన్నదీ, రెండు మోడళ్లూ పక్కపక్కన పెట్టారు. హెసలైట్ అద్దం నడిమధ్యన కంటికి ఆనీ ఆనని ఒమేగా గుర్తుంటుంది, భూతద్దంలో చూపించారు. "దీనికి గీతలు పడతాయి, కానీ చిన్నవైతే పాలిష్ పేస్ట్‌తో రుద్దితే పోతాయి. సఫైర్‌కి అంత తేలిగ్గా పడవు, వెనక అద్దంలోంచి మెషిన్ కూడా కనిపిస్తుంది, రేటెక్కువ" అన్నారు. తొందరపెట్టలేదు, ఇంటికెళ్లి ఆలోచించుకోమన్నారు.

డిస్కౌంట్ పెద్దగా రాలేదు. హెసలైటే తీసుకున్నాను. రోజూ పొద్దున పాలు కాగేలోపు కీ ఇస్తున్నాను.