అప్‌డేట్: హైదరాబాద్ మీటింగులు వీడియో కాల్‌లో కుదురుతాయా అని అడిగాను కదా

నెలకి రెండుసార్లు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా కూర్చుని హైదరాబాద్ వెళ్లే బదులు, గాజువాక ఆఫీసు నుంచే వీడియో కాల్‌లో మాట్లాడితే సరిపోతుందా అని పోయిన నెల అడిగాను. సరిపోయింది! మూడు మీటింగులు అయ్యాయి. మొదటిదాంట్లో మాత్రం మా గొంతే మాకు తిరిగి వినపడి చాలా టెన్షన్ పడ్డాం, ఒకే గదిలో రెండు ల్యాప్‌టాప్‌ల మైకులు ఆన్‌లో ఉండటమే కారణం, ఒకదాని మైకు, స్పీకరు రెండూ ఆపేశాక పోయింది. మీరు చెప్పినట్టే వైఫై వదిలేసి లాన్ కేబుల్ పెట్టాం. అప్‌లోడ్ స్పీడ్ తప్పకుండా చూసుకోండి, మన వీడియో అవతలివాళ్లకి చేరేది దాంతోనే. జూమ్ ఉచిత ప్లాన్‌లో 40 నిమిషాలకే కాల్ ఆగిపోతుంది, అందుకే డబ్బు కట్టాం. కొత్త కస్టమర్‌ని మొదటిసారి కలవాలంటే మాత్రం నేను రైలెక్కుతాను. మొన్న మీటింగ్ అయ్యాక సాయంత్రం పాపని ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లాను, అందరికీ చాలా థాంక్స్ అండీ.