తిక్కన పద్యంలో ‘పరాయణమా’, ‘పారాయణమా’?

కావలి సోషల్ మాస్టారు: సోషల్ పాఠాలు ఎట్లా చెప్పాలనే దాని మీద వచ్చే ఇంగ్లీషు జర్నల్ ఒకదానికి పౌరసత్వం పాఠం గురించి వ్యాసం రాస్తున్నా. మొదట్లోనే ‘ఒరులేయవి యొనరించిన’ పెడదామని కూర్చుంటే నాలుగో పాదం దగ్గర చెయ్యి ఆగిపోయింది. ‘పారాయణము పరమధర్మపథముల కెల్లన్’ అని రాశా, మా ఇంటావిడ చూసి ‘పరా’ గదా అంది. రెండు రోజులుగా అదే నస. ఆ మాటని ఇంగ్లీషులో ఏమనాలో కూడా చెప్పండి.

గూడూరు అక్క: ఆమే రైటు. ప్రాసాక్షరం ‘ర’కు ముందక్షరం చూడండి. ఒరు, నర, నొరు, మూడింటా లఘువే. నాలుగో పాదంలో మాత్రం ‘పా’ అని గురువు ఎట్లా వస్తుందండీ?

ఒంగోలు: ప్రాస దాకా ఎందుకక్కా, మూడో పాదం నుంచి లెక్కేసి ఆరో గణం చూస్తే చాలదా! ‘పరాయ, ణముపర, మధర్మ’ అని ఆరోది జగణం కుదిరింది. ‘పారా’ అంటే అక్కడ ‘రమధర్’ అని సగణం పడుతుంది, కందం ఒప్పుకోదు.

కోవూరు: మా అయ్యవారు మాత్రం పారాయణమనే చెప్పేవారు. ధర్మాన్ని రోజూ వల్లెవేసుకోమని అర్థమట.

గూడూరు అక్క: వల్లెవేసేదేంది నాయనా, ‘పథములకెల్ల’ అన్నాడు గదా. దారులకు కావాల్సింది చేరే చోటు. ఏ బస్సెక్కినా చివరికి మన నెల్లూరు ఆత్మకూరు బస్టాండులో దిగినట్టు.

ఒంగోలు: చేరే చోటా, ఆసరా ఇచ్చే దిక్కా? నాకు దిక్కనే అనిపిస్తుంది. అయినా అసలు కీలకం ‘సేయకునికి’లో ఉంది. చెయ్యమని కాదు, ఇతరులు చేస్తే మనకు నచ్చనిది మనం వాళ్లకు చెయ్యకుండా ఉండమంటున్నాడు. మాస్టారూ, మీరు ‘మంచి చేయండి’ అని తర్జుమా చేసి పంపేరు!

కోవూరు: విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు రాసిన నెల్లూరాయన మాటకి ఒంగోలు వాళ్ల వ్యాఖ్యానమా.

ఒంగోలు: అరణ్యపర్వంలో మిగిలింది పూర్తి చేసిన ఎర్రన మాది, గుడ్లూరు.

కందుకూరు: గుడ్లూరు 1970లో ప్రకాశంలోకి పోయి 2022లో నెల్లూరుకి తిరిగొచ్చింది, ఎర్రన ఎవరి వాడో సోషల్ మాస్టారే తేల్చాలి. సోషల్ స్టడీస్‌ని సాంఘికం అంటారా, సామాజికం అంటారా అన్నదీ ఎట్లాగూ తేలలేదు. అమెరికాలో ఒక పత్రిక 1909లో హిస్టరీ టీచర్స్ మేగజీన్‌గా పుట్టి 1934లో ది సోషల్ స్టడీస్ అయింది. పేరు మార్చుకోవడానికి వాళ్లకి పాతికేళ్లు పట్టింది, మీరు రెండు రోజులకే అలిసిపోతే ఎట్లా?

గూడూరు అక్క: సాంఘికమే. సామాజికం అంటే ఏదో ఉపన్యాసం లాగుంటుంది.

కావలి సోషల్ మాస్టారు: ‘పా’కి దీర్ఘం తీసేశా, ‘చెయ్యకుండా’ కూడా సరిచేశా. ఇంగ్లీషు మాట మాత్రం ఎవరూ చెప్పలేదు. శుక్రవారం పంపాలండీ.

కోవూరు: పరాయణ అనే ఉంచి పక్కన ఆత్మకూరు బస్టాండు అని రాయండి.