పాత కారుకు పైపొర ఊడుతోంది, అంచుల్లో తుప్పు ఉబ్బుతోంది: మొత్తం రంగు వేయించాలా, దెబ్బతిన్న చోట మాత్రమే వేస్తే సరిపోతుందా?

ఎర్రబండి (ప్రశ్న):

నా కారు వయసు 18 ఏళ్లు. ఇంజను, గేర్‌బాక్సు ఇప్పటికీ ఏ ఇబ్బందీ పెట్టడం లేదు కనుక దాన్ని వదిలించుకునే ఉద్దేశం లేదు. కానీ టాపు మీదా, బానెట్ మీదా క్లియర్ కోట్ (రంగు మీద వేసే పారదర్శక పొర) ఎండకు కమిలిన చర్మంలా పొరలు పొరలుగా లేచిపోతోంది. గోటితో గీకితే అరచేతి వెడల్పున ఊడి వస్తోంది. దాని కింద రంగు వెలిసి సున్నం పట్టినట్టు ఉంది గానీ, తుప్పు మాత్రం లేదు. తుప్పు ఉన్నది వేరే చోట్ల: వెనుక చక్రాల పైనున్న వంపుల అంచున, రెండు డోర్ల అడుగు భాగాన రంగు బుడగలుగా ఉబ్బింది. ఆ బుడగలను గీకి, ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) కొట్టి, టాపు మీద మిగిలిన క్లియర్ కోట్‌కు పైనుంచి కొత్త క్లియర్ వేస్తే పని అయిపోతుందని ఒకరు చెప్పారు. బండి మొత్తాన్ని రేకు వరకు గీకించకపోతే ఖర్చంతా దండగేనని ఇంకొకరు అన్నారు. కొంత పని నేనే చేసుకోగలను, ఓపిక కూడా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

రేకుపని:

మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు. ఒకే మందుతో నయం చేయాలని చూస్తే రెండూ తిరగబెడతాయి.

టాపు, బానెట్ సంగతి తేలిక. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఏళ్ల తరబడి నేరుగా పడే చోటు అదే కనుక క్లియర్ కోట్ అక్కడే ముందుగా చచ్చిపోతుంది, దానికీ కింది రంగుకూ మధ్య పట్టు వదిలిపోతుంది. లేచిన పొర పక్కన ఇంకా అతుక్కుని ఉన్నట్టు కనిపించే భాగం కూడా అప్పటికే సగం వదిలి ఉంటుంది. దాని మీద కొత్త క్లియర్ వేస్తే, ఆ పొర తనతో పాటు మీ కొత్త పొరనూ లేపుకుని పోతుంది. అంతకంటే ముందే పాత అంచు గీతలా కనబడుతుంది. కనుక ఆ రెండు భాగాల మీద క్లియర్ కోట్‌ను పూర్తిగా తీసివేసి, వెలిసిన రంగును గట్టి పొర తగిలే వరకు రుద్ది, ప్రైమర్, రంగు, క్లియర్ మళ్లీ మొదటినుంచి వేయాలి. రేకు వరకు వెళ్లనవసరం లేదు. ఫ్యాక్టరీలో ముంచి పట్టించిన అడుగు ప్రైమర్ చెక్కుచెదరకుండా ఉంటే, మనం తరువాత వేసే ఏ పొరా దానితో పోటీపడలేదు. అలాంటి దాన్ని గీకి పారేయమని చెప్పేవారి మాట నేనైతే వినను.

మొదలుపెట్టే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. థిన్నర్‌లో తడిపిన గుడ్డను బానెట్ లోపలి అంచున కనబడని చోట అరనిమిషం అదిమి ఉంచి తుడవండి. రంగు కరిగి గుడ్డకు అంటితే, మధ్యలో ఎప్పుడో ఎవరో హార్డెనర్ (రంగు గట్టిపడడానికి కలిపే ద్రావకం) లేని రంగు వేశారని అర్థం. అలాంటి దాని మీద హార్డెనర్ కలిపే రంగు కొడితే తడి ఆరకముందే ముడతలు పడుతుంది. అప్పుడు మాత్రం ఆ పొర తీసివేయడమే దారి.

ఇక తుప్పు. చక్రాల వంపుల దగ్గరా, డోర్ల అడుగునా కనిపించే బుడగలు చాలా వరకు బయటి నుంచి పుట్టినవి కావు. అద్దం మీద పడ్డ వాన నీరు రబ్బరు పట్టీని దాటి డోరు లోపలికి జారుతుంది. అది బయటకు పోవడానికే డోరు అడుగున చిన్న రంధ్రాలు పెడతారు. వాటిలో మట్టి, ఆకుల చెత్త చేరితే నీరు అక్కడే నిలిచి, రేకు మడిచిన అంచులోకి పీల్చుకుపోతుంది. తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది కనుక రంగును బయటికి నెడుతుంది. అంటే మీకు కనిపిస్తున్న బుడగ ఆ జబ్బు చిట్టచివరి అంకం. బుడగ ఉన్న చోట స్క్రూడ్రైవర్ మొనతో కాస్త గట్టిగా నొక్కి చూడండి. మొన దిగకపోతే రుద్ది బాగుచేయవచ్చు. దిగితే ఆ ముక్క కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాల్సిందే. రంగు సంగతి ఆ తరువాత.

ఆవగింజ:

పైవారు చెప్పినది నా బండి మీద నేను అక్షరాలా అనుభవించాను కనుక రాస్తున్నాను.

మూడేళ్ల కిందట ఎడమ వెనుక చక్రం పైన తుప్పు గీకి, 80 నంబరు ఎమరీ పేపరుతో రేకు తళతళలాడే వరకు రుద్ది, దాని మీద నేరుగా పుట్టీ (గుంటలు పూడ్చే ముద్ద) నింపాను. అక్కడికి బాగానే ఉంది. పుట్టీ మీద ప్రైమర్ కొట్టిన మరునాటి నుంచి ముసురు పట్టింది. తీరిక దొరికే వరకు, అంటే దాదాపు ఆరు వారాలు, బండిని ఆ ప్రైమర్ మీదే తిప్పాను. ప్రైమర్ వేశాను కదా, నీరు దిగదులే అనుకున్నాను. ఆ తరువాత రంగు, క్లియర్ వేస్తే చూసినవారంతా మెచ్చుకున్నారు. ఎనిమిది నెలలకు అంచు దగ్గర ఆవగింజంత బుడగ కనిపించింది. గోటితో గిల్లితే పుట్టీ మొత్తం బిళ్లలా చేతికి ఊడివచ్చింది. దాని వెనుక వైపు నేను రుద్దిన ఎమరీ గీతలు అచ్చుగుద్దినట్టు ఉన్నాయి, ఒక్కో గీతలోనూ సన్నగా ఎర్రటి తుప్పు.

నేను చేసిన తప్పులు రెండు. తడిని ఆపేది ఎపాక్సీ ప్రైమర్. పైన గీతలు నింపడానికి వాడే మామూలు ఫిల్లర్ ప్రైమర్ నీటిని స్పాంజిలా పీలుస్తుంది, పుట్టీ కూడా అంతే. రేకు శుభ్రం చేసిన రోజే ముందు ఎపాక్సీ, దాని మీద పుట్టీ, ఆపైన ఫిల్లర్ ప్రైమర్ అనే వరుస పాటించి ఉంటే అది నిలిచేది. పుట్టీని వాటర్ పేపరుతో తడిగా రుద్దడం రెండో తప్పు. దాన్ని పొడిగానే రుద్దాలి.

తుప్పువైరి:

తుప్పును నల్లగా మార్చే కన్వర్టర్ ద్రావకం ఉండగా ఇంత శ్రమ దేనికి? టానిక్ ఆమ్లమో, ఫాస్ఫారిక్ ఆమ్లమో ఉన్న ద్రావకం పూస్తే మిగిలిన తుప్పు స్థిరమైన పొరగా మారుతుంది, దాని మీద ప్రైమర్ వేసుకోవచ్చు.

రేకుపని:

అడుగు భాగాన, కంటికి కనిపించని బ్రాకెట్ల మీద నేనూ వాడతాను. పైకి కనిపించే రేకు మీద మాత్రం రెండు కారణాల వల్ల ఇష్టపడను. అది పై పొరను మారుస్తుందే తప్ప గుంటల అడుగున మందంగా ఉన్న తుప్పు వరకు చేరదు. పైగా రేకు మీద మిగిలిపోయిన ఆమ్లం ఎపాక్సీ పట్టును చెడగొడుతుంది; అందుకే చాలా ఎపాక్సీ డబ్బాల మీద శుభ్రమైన రేకు పైనే వేయమని రాసి ఉంటుంది. వాడి తీరాలంటే ప్రైమర్ తయారీదారు ఏం చెప్పాడో ముందు చదవండి.

ఊపిరి:

అందరూ పొరల గురించి మాట్లాడుతున్నారు గానీ, తాను స్వయంగా చేస్తానంటున్న మనిషికి చెప్పవలసిన మొదటి మాట ఎవరూ చెప్పలేదు. హార్డెనర్ కలిపే క్లియర్‌లలో, ప్రైమర్‌లలో చాలావాటిలో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. స్ప్రే గన్ నుంచి వచ్చే మంచులో వాటిని పీలిస్తే ఉబ్బసం రావచ్చు. ఒంటికి ఒకసారి పడకుండా పోయిందంటే, తరువాత కొద్దిపాటి ఆవిరి తగిలినా ఊపిరి బిగుసుకుంటుంది. వాసన రావడం లేదు కనుక ప్రమాదం లేదనుకోవద్దు, హాని చేసే మోతాదులో కూడా వాటి వాసన ముక్కుకు తెలియదు. గుడ్డ మాస్కు ఎందుకూ పనికిరాదు. బయటి నుంచి గొట్టం ద్వారా శుభ్రమైన గాలి అందించే మాస్కు, చేతి తొడుగులు, కళ్లకు రక్షణ లేకుండా ఆ పని ముట్టుకోకండి. నా సలహా అడిగితే, గీకడం, రుద్దడం, మాస్కింగ్ (రంగు పడకూడని చోట్లను కప్పడం) వరకు మీరు చేసుకుని, హార్డెనర్ కలిపిన వాటిని కొట్టే పనిని రంగు కొట్టే ప్రత్యేక గది (బూత్) ఉన్న పనివారికి అప్పగించండి. రుద్దేటప్పుడు కూడా దుమ్ము మాస్కు తప్పనిసరి.

ఎర్రబండి:

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం నాడు చెప్పినట్టే పరీక్షించాను. థిన్నర్ గుడ్డకు ఏమీ అంటలేదు. చక్రాల వంపుల దగ్గర స్క్రూడ్రైవర్ దిగలేదు, గుంటలు మాత్రం ఉన్నాయి. ఎడమ డోరు అడుగు రంధ్రంలో సన్నని తీగ పెట్టి తిప్పితే ముందు నల్లటి బురద, ఆ వెనుక అరగ్లాసు దాకా నీరు వచ్చింది. వాన పడి పది రోజులైంది! ఆ డోరు మడత దగ్గర స్క్రూడ్రైవర్ అప్పడంలోకి దిగినట్టు దిగిపోయింది. కుడి డోరు గట్టిగానే ఉంది. ఇప్పుడు ఏ పని ముందు, ఏది వెనుక?

రేకుపని:

ఎడమ డోరు వెల్డింగ్ అన్నిటికంటే ముందు. ఆ పని చేసేటప్పుడు బ్యాటరీ తీగలు తప్పక విప్పించండి. వేరే బండి నుంచి తీసిన గట్టి డోరు దొరికితే అతుకు కంటే అదే మేలు. వెల్డింగ్ జరిగిన చోట లోపలి వైపు కూడా ఎపాక్సీ పట్టించి, కీళ్లలో సీలర్ వేయించండి. రంగు పని అంతా అయ్యాక డోర్ల లోపల, చక్రాల వంపుల వెనుక క్యావిటీ వ్యాక్స్ (రేకు లోపలి ఖాళీలలో తుప్పు పట్టకుండా కొట్టే మైనం) కొట్టించండి, కానీ రంధ్రాలు మాత్రం మూసుకుపోకూడదు.

వంపుల దగ్గర గుంటలలో నల్లచుక్క మిగలకుండా తీయాలి. అది ఎమరీ పేపరుతో అయ్యే పని కాదు, వైరు బ్రష్ కూడా చుక్కలకు మెరుగు పెట్టి వదిలేస్తుంది. ఇసుక లాంటి రేణువులను గాలితో చిమ్మి తుప్పు తీసే చిన్న సాండ్‌బ్లాస్టర్ దొరికితే అద్దెకు తెచ్చుకోండి. అదే రోజు ఎపాక్సీ. తరువాత పుట్టీ, ఫిల్లర్ ప్రైమర్, 400 నుంచి 600 నంబరు వరకు రుద్దడం.

రంగు కొట్టే ముందు తుడవడంలో తొందర పడవద్దు. గ్రీజు తీసే ద్రావకాన్ని ఒక గుడ్డతో పూసి, అది ఆరకముందే రెండో పొడి గుడ్డతో తుడవాలి. ఆరిపోనిస్తే మురికి మళ్లీ అక్కడే కూర్చుంటుంది. డ్యాష్‌బోర్డుకు, టైర్లకు వాడే సిలికాన్ పాలిష్ ఆ దరిదాపుల్లో ఉండకూడదు. దాని చుక్క పడిన చోట రంగు చేప కన్నులా గుండ్రంగా విడిపోతుంది.

మొత్తం బండికి వేయించాలా అన్న మీ అసలు ప్రశ్నకు నా జవాబు: అక్కర్లేదు. టాపు, బానెట్, రెండు వెనుక వంపుల భాగాలు, రెండు డోర్లు చాలు. మీది మెటాలిక్ రంగయితే కోడ్ ప్రకారం కలిపినా 18 ఏళ్ల ఎండకు మారిన పాత రంగుతో సరిగ్గా కలవదు. పక్క భాగంలోకి రంగును పలచగా జార్చి, ఆ భాగం మొత్తానికి క్లియర్ వేయమని పనివారికి ముందే చెప్పండి. కొత్త రంగు మీద మూడు నెలల వరకు వ్యాక్స్ పెట్టకండి, లోపలి ద్రావకం ఆవిరై పోవాలి.

ఎర్రబండి:

వేరే డోరు కోసం ఈ వారమే వెతుకుతాను. దొరకగానే దాని అడుగు రంధ్రాలలో తీగ పెట్టి చూసిన తరువాతే కొంటాను.